కోట కాయడమా, చెప్పుల్లో కాళ్లు పెట్టడమా?

విజయనగరం మూడు లాంతర్ల దగ్గర మా మావయ్యకి కిరాణా కొట్టు ఉంది. గరివిడి వెళ్లాల్సి వస్తే "ఓ గంట కొట్టు చూడరా, ఇలా ఎల్లి అలా వచ్చేస్తాను" అంటాడు. ఇంగ్లీషులో 'హోల్డ్ ద ఫోర్ట్' అంటే అచ్చంగా ఇదే. ఆ గంటలో నేను ధరలు మార్చను, కొత్తవాళ్లకి అరువివ్వను. ఎవరైనా గట్టిగా అడిగితే పేరు క్యాలెండర్ వెనక రాసి పెడతాను, ఆయనొచ్చి చూసుకుంటాడు.

ఈ మాట బాగా వ్యాప్తిలోకి రావడానికి మూలం 1864లో, అమెరికా అంతర్యుద్ధంలో జరిగిన ఓ సంఘటన. జార్జియాలోని అల్లటూనాలో శత్రువులు చుట్టుముట్టిన తన సైనికులకు జనరల్ షెర్మన్ కొండ మీంచి జెండా సైగలతో కబురంపాడు. 'సాయం వస్తోంది, అందాకా నిలవండి' అన్నదే దాని సారం. ఆ 'అందాకా'లోనే ఉంది కిటుకంతా.

'స్టెప్ ఇంటు సమ్‌వన్స్ షూస్'లో అందాకా లేదు. మావయ్య కొట్టు పూర్తిగా బావకి అప్పగిస్తే అప్పుడనాలి. ఇక అరువు సంగతి బావ ఇష్టం.

ఆఫీసుల్లో ఈ రెండూ కలిపేస్తుంటారు. మేనేజర్ రెండు రోజులు సెలవు పెడితే "ఆయన షూస్‌లోకి వచ్చాను" అని మెయిల్ కొట్టకండి. ఆయన తిరిగొచ్చాక టెన్షన్ మీకే.

మన భరతుడు పాదుకలు సింహాసనం మీద పెట్టి 14 ఏళ్లు రాజ్యం చూశాడు. చెప్పులున్నాయి కదాని పొరబడకండి, ఆయన వాటిలో కాళ్లు పెట్టలేదు. అది కోట కాయడమే.