‘తోలుబొమ్మల వర్క్‌షాపు’కు డబ్బు కట్టే ముందు ఇది చదవండి (అనంతపురం, కడప)

“నిమ్మలకుంట తోలుబొమ్మల ల్యాంప్‌షేడ్‌ను మీ చేతులతో మీరే చేసుకోండి” అనే ప్రకటన వాట్సాప్‌లో మీకూ వచ్చి ఉంటే ఆగండి. అనంతపురంలో పెట్టిన ఆ వర్క్‌షాపుకు నేనూ మా మరదలూ మనిషికి 1,800 రూపాయలు కట్టి వెళ్లాం. అసలు మేకతోలు ఇస్తామని, నిమ్మలకుంట కళాకారులు నేర్పుతారని, పనిముట్ల కిట్టు ఇంటికి తీసుకుపోవచ్చని రాశారు. మూడూ అబద్ధాలే.

మొదట తోలు సంగతి. మేకతోలును నానబెట్టి, వెంట్రుకలు గీకి, లాగి కట్టి ఆరబెడితే వెలుతురు దూరేంత పలచనవుతుంది. దాన్ని దీపానికి అడ్డంగా పెడితే అంతటా ఒకే రంగు కనిపించదు. ఒకచోట తేనెరంగు, మరోచోట మసక, అక్కడక్కడా నరాల జాడలు. మాకిచ్చిన షీటు ఈ అంచు నుంచి ఆ అంచు దాకా ఒకే పసుపు. ఒక మూల తడిపి చూశాను. ఇలాంటి తోలు తడిస్తే మెత్తబడాలి. ఇది చుక్క నీరు పీల్చలేదు. ప్లాస్టిక్! అడిగితే “ఇది ప్రత్యేకంగా శుద్ధి చేసిన తోలు మేడమ్” అన్నారు. ఎంత శుద్ధి చేస్తే తోలు ప్లాస్టిక్ అవుతుందో వాళ్లే చెప్పాలి.

నేర్పడానికి వచ్చినది ఓ కాలేజీ కుర్రాడు. పాపం, అతని మీద నాకు కోపం లేదు. వీడియోలు చూసి నేర్చుకున్నానని అతనే చెప్పాడు. తోలుబొమ్మలో నగలు, చీర అంచులు వెలగాలంటే రకరకాల ఉలులతో రంధ్రాలు కొట్టాలి, అసలు పనితనమంతా అక్కడే ఉంది. మా చేతికి ఇచ్చింది ఒక దబ్బనం. ఇచ్చిన రంగులు వెలుతురును అడ్డుకునే మందపాటి రకం. తీరా బల్బు వేస్తే సీతమ్మ ముఖం నల్లటి మరకలా కనిపించింది. కాసేపటికి వేడికి షీటు వంకర తిరిగింది. కిట్టు మాటకొస్తే, వెళ్లేటప్పుడు దబ్బనం కూడా వెనక్కి తీసుకున్నారు.

నాకు ఎక్కువ మండింది ఊరి పేరు వాడుకోవడం. ధర్మవరం పక్కనున్న నిమ్మలకుంటలో కుటుంబాలకు కుటుంబాలు ఈ పని మీదే బతుకుతున్నాయి. ఆ ఊరి దళవాయి చలపతిరావు గారికి 2020లో పద్మశ్రీ వచ్చింది. పోస్టరు మీద జీఐ ముద్ర (ఫలానా ప్రాంతపు అసలు సరుకు అని చెప్పే భౌగోళిక గుర్తింపు) కూడా అచ్చేశారు. ఆ గుర్తింపు ఆంధ్రప్రదేశ్ తోలుబొమ్మల కళకు ఉంది కానీ ఈ పసుపు షీటుకు కాదు.

డబ్బు వాపసు అడిగితే, రిజిస్ట్రేషన్ ఫీజు తిరిగి ఇవ్వబోమని పోస్టరు అడుగున రాశామన్నారు. నిజమే, చీమ తలకాయంత అక్షరాల్లో ఉంది. అయితే ఒకటి చూపించి మరొకటి అంటగడితే ఆ అక్షరాలు వాళ్లను కాపాడవని నా నమ్మకం. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోను చేసి ఫిర్యాదు నమోదు చేయించాను. పోస్టరు, చెల్లింపు రసీదు, షీటు ముక్క దాచిపెట్టాను. అక్కడ తేలకపోతే జిల్లా వినియోగదారుల కమిషన్‌కు వెళ్తాను. 5 లక్షల రూపాయల లోపు వ్యవహారాలకు అక్కడ ఫీజు లేదు. నాతో పాటు కూర్చున్నవారు ఎవరైనా ఇది చదువుతుంటే, మీ రసీదులు పారేయకండి.

ఇలాంటి వర్క్‌షాపు ఎవరు పెట్టినా, కట్టే ముందు నేర్పే కళాకారుడి పేరు అడగండి. ఆయనతో ఫోనులో మాట్లాడించమనండి. తోలును దీపానికి పట్టిన ఫొటో పంపమనండి. పచ్చితోలు నుంచి ల్యాంప్‌షేడ్ దాకా ఒక్క పూటలో చేయిస్తామంటే అసలు నమ్మవద్దు, తోలు ఆరడానికే అంతకంటే ఎక్కువ సమయం పడుతుంది. సిద్ధం చేసిన తోలు ఇస్తామంటే అది వేరే మాట.

నిన్న, మాకొచ్చిన పోస్టరు మీదున్న అదే హనుమంతుడి ల్యాంప్‌షేడ్ ఫొటోతో కడపలో వర్క్‌షాపు అంటూ ఇంకో పోస్టరు వచ్చింది. నిర్వాహకుల పేరు మార్చారు, ఫీజు 2,000 చేశారు. డబ్బు పంపమన్న ఫోను నంబరు మాత్రం అదే.