ఇత్తడి రైలింజన్: జపాన్‌దా, కొరియాదా, ఏది మేలు?

పాత ఇత్తడి స్టీమ్ ఇంజన్ బొమ్మలు పోగుచేసేవాళ్లలో ఈ వాదన ఎప్పటికీ తెగదు. నా మటుకు నాకు పట్టాల మీద నడిపేవాళ్లకి 1960ల నాటి జపాన్ ఇంజనే మేలు. కొరియా ఇంజన్ల అందం తెలిసే ఈ మాట అంటున్నాను.

నేను చెప్పేది హెచ్ఓ సైజు గురించి. అసలు ఇంజన్‌లో 87వ వంతు, పట్టాల మధ్య 16.5 మిల్లీమీటర్లు. చూపుకి ఆవిరి బండే గానీ లోపల నడిపేది కరెంటు మోటారు. రెండో ప్రపంచ యుద్ధం తర్వాత పసిఫిక్ ఫాస్ట్ మెయిల్ లాంటి అమెరికా కంపెనీలు తమ దేశపు ఇంజన్ల నమూనాలను జపాన్‌లో చేయించుకునేవి. టెన్‌షోడో, యునైటెడ్ అన్నవి ఆ రోజుల్లో పెద్ద పేర్లు. యెన్ విలువ, కూలి పెరగడంతో 1970ల చివరి నుంచి ఆ పని కొరియాకి మళ్లింది. అక్కడ సామ్‌హోంగ్‌సా పేరు మోగింది.

చూడటానికైతే కొరియాదే పైచేయి. బాయిలర్ చుట్టూ తిరిగే సన్నటి గొట్టాలు, వాల్వులు, పంపులు అన్నీ విడివిడిగా పోతపోసి టంకంతో అతికించారు. మన ఉత్సవ విగ్రహాలు పోసే మైనపు పద్ధతే ఇదీ. జపాన్‌వాళ్లూ ఇలా పోసినవాళ్లే, కానీ అంత విరివిగా కాదు. అయితే ఆ నాజూకే చిక్కు. కొరియా ఇంజన్‌ని పట్టాల మీద పెట్టాలంటే వేళ్లు ఎక్కడ ఆనించాలో ముందే చూసుకోవాలి. కొంచెం గట్టిగా పట్టుకుంటే మెట్టో గొట్టమో వంగుతుంది.

ఇక లోపలి సంగతి. జపాన్ ఇంజన్ నాలుగైదు స్క్రూలు తీస్తే విడిపోతుంది. క్యాబ్ (డ్రైవరు గది) వైపు పెద్ద మోటారు, దాని నుంచి గేరుకి చిన్న రబ్బరు గొట్టం, గేరు ఒక ఇరుసుని తిప్పితే మిగతా చక్రాలను కడ్డీలు లాక్కుపోతాయి. అంతే. నేను కొన్న ఒక 2-8-0 (ముందు రెండు చిన్న చక్రాలు, వెనక ఎనిమిది పెద్దవి) పట్టాల మీద పెడితే మోటారు గుర్రుమంది, బండి మాత్రం కదల్లేదు. విప్పి చూస్తే రబ్బరు గొట్టం ఎండుపుల్లలా బిగిసి, వేలు తగలగానే విరిగింది. గేరు గ్రీజు మైనంలా గడ్డకట్టింది. విమానం బొమ్మలకి వాడే సిలికాన్ గొట్టం ముక్క వేసి, గ్రీజు కడిగి కొత్తది పెట్టాను. సాయంత్రానికి నడిచింది. ఎప్పుడో తయారైన వస్తువు ఇంట్లో టేబుల్ మీద బాగుపడుతుంది చూడండి, నాకు అదే ప్రాణం.

ఈ పాత మోటార్లు కరెంటు ఎక్కువ తాగుతాయి, ఎందుకంటే అయస్కాంతం నీరసపడి ఉంటుంది. నియోడైమియం అనే బలమైన అయస్కాంతం ముక్క వేస్తే తేరుకుంటాయి. ఊరికే మాత్రం ఆర్మేచర్‌ని (మోటారులో తిరిగే తీగచుట్టల భాగాన్ని) బయటికి లాగకండి, పాత అయస్కాంతం ఇంకా చచ్చుబడుతుంది.

డిజిటల్ కంట్రోల్ పెట్టాలనుకుంటే లెక్క తిరగబడుతుంది. జపాన్ మోటార్లలో ఒక బ్రష్ (తిరిగే భాగానికి కరెంటు అందించే ముక్క) సాధారణంగా చట్రానికే తగిలి ఉంటుంది. దాన్ని వేరుచేయకుండా డీకోడర్ (డిజిటల్ ఆదేశాలు అందుకుని మోటారుని నడిపే చిన్న సర్క్యూట్) కలిపితే ఆ డీకోడర్ మాడిపోతుంది. కొరియా ఇంజన్లలో ఎక్కువగా మూతబిగించిన చిన్న మోటార్లే కాబట్టి ఆ బాధ తక్కువ, కరెంటూ తక్కువే. తొలినాళ్ల కొరియా గేర్లు రొదపెడతాయి, తర్వాత్తర్వాత చక్కగా తయారయ్యాయి.

రెంటికీ ఉమ్మడి జబ్బులున్నాయి. సాధారణంగా ఇంజన్ చక్రాలు ఒక పట్టా నుంచి, టెండర్ (వెనక బొగ్గు, నీళ్లు మోసే బండి) చక్రాలు రెండో పట్టా నుంచి కరెంటు తీసుకుంటాయి. ఆ రెంటినీ కలిపే కడ్డీ దగ్గర మురికి పడితే బండి ఆగి ఆగి నడుస్తుంది. ముందు అక్కడ తుడవండి. పెద్ద ఇంజన్లకు వంపు వ్యాసార్ధం 30 అంగుళాలైనా లేకపోతే ముందు చక్రం సిలిండర్‌కి తగిలి షార్ట్ అవుతుంది.

పెట్టెలోని పాత నురుగు స్పాంజి జిగురులా కరిగి ఇత్తడికి అంటుకుంటుంది, వస్తూనే తీసి పారేయండి. చిలుము కనబడిందని చింతపండు పెట్టి తోమకండి. పైన పూసిన లక్కర్ పూత పోతుంది, అతుకుల్లో తడి నిలుస్తుంది.

శబ్దంతో సహా వచ్చే కొత్త ప్లాస్టిక్ ఇంజన్లు బాగానే లాగుతాయి, వాటితో పేచీ లేదు. వాటివల్లే పాత ఇత్తడి ధరలు దిగాయి కూడా. మొదటిసారి కొనేవాళ్లు యునైటెడ్ వారి 2-8-0 లాంటి చిన్నది చూసుకోండి. అమ్మేవారిని నెమ్మదిగా, రెండు వైపులా నడిపి వీడియో పంపమనండి. చక్రం చుట్టు తిరిగిన ప్రతిసారీ ఒకే చోట పట్టేసినట్టు కుదుపిస్తుంటే కడ్డీలో, చక్రాల అమరికలో తేడా ఉన్నట్టు. రబ్బరు గొట్టంలా ఒక పూటలో తేలే పని కాదది, వదిలేయండి.