అమలాపురంలో ఆదివారం గ్రామర్ క్లాసు: ‘టు’ పెట్టాలా, ‘ఐఎన్‌జీ’ పెట్టాలా?

అమలాపురంలో ఆదివారం పొద్దున జరిగే ఈ ఇంగ్లీషు గ్రామర్ బ్యాచ్‌కి ఎక్కువగా వచ్చేది బ్యాంకు, ఎస్సెస్సీ (స్టాఫ్ సెలక్షన్ కమిషన్) పరీక్షలకి చదివేవాళ్లు. ముమ్మిడివరం, రాజోలు వైపు నుంచి కూడా వస్తారు. టెన్సెస్, ఆర్టికల్స్ అన్నిచోట్లా చెప్పినట్టే ఉన్నాయి. జెరండ్ (నామవాచకంలా వాడే ఐఎన్‌జీ రూపం), ఇన్ఫినిటివ్ (టుతో వచ్చే రూపం) చాప్టర్ మాత్రం ప్రత్యేకంగా చెప్పుకోవాలి. వాక్యంలో తప్పు పట్టమనే ఎర్రర్ బిట్లలో మనవాళ్ల మార్కులు తరచూ పోయేది అక్కడే.

ఎంజాయ్, అవాయిడ్, ఫినిష్, డినై, సజెస్ట్ తర్వాత వి4, అంటే క్రియకి ఐఎన్‌జీ చేర్చిన రూపం. వాంట్, డిసైడ్, హోప్, రెఫ్యూజ్, ప్రామిస్ తర్వాత టు ప్లస్ వి1, అంటే ఏమీ చేర్చని మూల రూపం. ఈ జిరాక్సు లిస్టు ఇక్కడా ఇస్తారు, బట్టీ పట్టమనే చెబుతారు. అది తప్పదు. ‘జరగబోయే పనికి టు, జరిగినదానికి ఐఎన్‌జీ’ అనే సూత్రం చాలావరకు పనిచేసినా సజెస్ట్ దగ్గర బోల్తా కొడుతుంది. పంటు మీద వెళదామన్నాడు అంటే ఆ పని ఇంకా జరగలేదు, అయినా ‘హి సజెస్టెడ్ గోయింగ్ బై ఫెర్రీ’ అనే రాయాలి. ఈ సంగతి దాచకుండా మొదట్లోనే చెప్పడం నాకు నచ్చింది.

క్లాసు బలమంతా రెండు రకాలుగానూ వాడే క్రియల్లో ఉంది. ఆత్రేయపురంలో ‘వి స్టాప్డ్ టు బై పూతరేకులు’ అంటే కొనడానికి బండి ఆపాం. ‘వి స్టాప్డ్ బయింగ్’ అంటే కొనడం మానేశాం. ‘రిమెంబర్ టు లాక్ ద షెడ్’ అంటే తాళం వేయడం మర్చిపోకు. ‘ఐ రిమెంబర్ లాకింగ్ ద షెడ్’ అంటే వేసినట్టు గుర్తుంది. మనసులో ‘వేసినట్టు’ అని వచ్చిందా, వి4 పెట్టేయొచ్చు.

ట్రై గురించి చెప్పిన తీరు ఇంకా బాగుంది. రొయ్యల చెరువు మీద ఏరేటర్ తిరగడం లేదనుకోండి. ‘ట్రై టు స్టార్ట్ ఇట్’ అంటే స్టార్ట్ చేయడానికి ప్రయత్నించు, అది అవుతుందో లేదో తెలీదు. ‘ట్రై చేంజింగ్ ద ఫ్యూజ్’ అంటే ఫ్యూజు మార్చి చూడు. మార్చడం కష్టమేం కాదు, మారిస్తే తిరుగుతుందా అన్నదే ప్రశ్న. తెలుగులో ‘చేసి చూడు’ కుదిరితే వి4, ‘చేయడానికి ప్రయత్నించు’ కుదిరితే టు. పరీక్ష హాల్లో పది సెకన్లలో తేల్చుకోవచ్చు.

ఇంత బాగా చెప్పి, మెటీరియల్ మొదటి పేజీలో ‘డం వస్తే వి4’ అని డబ్బా కట్టి మరీ వేశారు. అది తప్పుదారి పట్టిస్తుంది. తాళం వేయడం మర్చిపోయాను అన్నా ఇంగ్లీషులో ‘ఐ ఫర్గాట్ టు లాక్’. ఈదడం నేర్చుకున్నాడు అన్నా ‘హి లెర్న్డ్ టు స్విమ్’. అలాగే ‘డానికి’ కనపడగానే ఫర్ పెట్టి ‘ఐ కేమ్ ఫర్ సీయింగ్ యూ’ అని రాసేస్తారు. ఎందుకొచ్చామో చెప్పేటప్పుడు ‘టు సీ యూ’ అనాలి.

ప్రిపొజిషన్‌గా వచ్చే టు కోసం చెప్పిన టెస్టు నోట్సులో రాసుకోవాలి. టు తర్వాత ‘ఇట్’ పెట్టి చదవండి. ‘లుకింగ్ ఫార్వర్డ్ టు ఇట్’ కుదిరింది కాబట్టి ‘టు మీటింగ్ యూ’. ‘వాంట్ టు ఇట్’ కుదరదు కాబట్టి ‘టు మీట్’. లంకలవాళ్లు ‘ఆర్ యూజ్డ్ టు క్రాసింగ్ ద రివర్’ అంటే ఏరు దాటడం వాళ్లకి అలవాటే. ‘యూజ్డ్ టు క్రాస్’ అంటే ఒకప్పుడు దాటేవాళ్లు, ఇప్పుడు ఆ అవసరం లేదు.

అలౌ, అడ్వైజ్ రెండూ పైపైన చెప్పి వదిలేశారు. పక్కన మనిషి లేకపోతే ‘దే డోంట్ అలౌ పార్కింగ్’, ఉంటే ‘దే డోంట్ అలౌ అస్ టు పార్క్’ అని రెండు వాక్యాలు బోర్డు మీద రాస్తే సరిపోయేది. మేక్ తర్వాత టు రాదని చెప్పారు గానీ ప్యాసివ్‌లో తిరిగొస్తుందని చెప్పలేదు. ‘దే మేడ్ మి వెయిట్’, కానీ ‘ఐ వజ్ మేడ్ టు వెయిట్’. బిట్ పేపర్ కీలో ‘ద కెనాల్ బండ్ నీడ్స్ రిపేరింగ్’ తప్పని వేశారు. అది సరైన వాక్యమే, ‘నీడ్స్ టు బి రిపేర్డ్’ అన్నా అదే అర్థం. కొత్త బ్యాచ్‌కి పంచేముందు ఆ కీ సరిచేయాలి.

ఫీజుకి తగ్గ క్లాసే. చేరేవాళ్లు ముందుగా జిరాక్సులో ఆ డబ్బా కొట్టేసి పక్కన ‘మర్చిపోవడం, నేర్చుకోవడం’ అని రాసుకోండి. అలౌ, అడ్వైజ్ సంగతి డౌట్ల టైములో పట్టుబట్టి అడగండి, అడిగితే ఓపిగ్గానే చెబుతారు. వెనక బెంచీల నుంచి బోర్డు సరిగా కనపడదు, కాస్త ముందుగా వెళ్లడం మంచిది.