రెండు వీకెండ్‌లలో కెరీర్ కౌన్సిలర్ అవ్వచ్చంటే డబ్బు కట్టకండి (ద్వారకానగర్, వైజాగ్)

టీచర్లకి, ఇంటి దగ్గరుండి ఏదైనా చేద్దామనుకునే అక్కచెల్లెళ్లకి చెప్తున్నా. ద్వారకానగర్‌లో ఒక సంస్థ "సర్టిఫైడ్ కెరీర్ కౌన్సిలర్" కోర్సని మా చెల్లెలి దగ్గర 30 వేలు కట్టించుకుంది. రెండు వీకెండ్‌లు. నేర్పిందల్లా స్కానర్ మీద పిల్లల పది వేళ్లూ పెట్టించి ముద్రలు తీయడం, వచ్చిన రిపోర్టుని తల్లిదండ్రులకి 4 వేలకి అమ్మడం. పిల్లలతో ఎలా మాట్లాడాలో ఒక్క క్లాసు లేదు, తండ్రి అనుమానపడితే ఏం చెప్పి ఒప్పించాలో మాత్రం పూటంతా చెప్పారట.

ప్రాక్టీసుకని మా చెల్లి మా బాబు వేళ్లు స్కాన్ చేసింది. రంగురంగుల రిపోర్టు వచ్చింది, టెన్త్ తర్వాత బైపీసీ అని తేల్చేశారు, తీరా చదువుతుంటే మధ్యలో ఒక పేజీలో మావాడి పేరున్న చోట ఎవరో అమ్మాయి పేరు! అడిగితే "టైపింగ్ మిస్టేక్ మేడమ్" అన్నారు.

వేలిగీతలు కడుపులో ఉండగానే ఏర్పడతాయి, పుట్టాక మారవు. వాటిని బట్టి ఎంపీసీనా బైపీసీనా ఎలా చెప్తారండీ? వేలిముద్రల్ని బట్టి పిల్లల తెలివితేటలు చెప్తామనే ఈ పరీక్షని డీఎంఐటీ అంటారు, దీనికి శాస్త్రీయ ఆధారం లేదని ఇండియన్ సైకియాట్రిక్ సొసైటీయే చెప్పింది. అసలైన ఆప్టిట్యూడ్ టెస్టులో పిల్లలే కూర్చుని ప్రశ్నలకి జవాబులు రాయాలి. ఎన్‌సీఈఆర్‌టీ, సీబీఎస్‌ఈ కలిసి 9, 10 తరగతులకి తెచ్చిన 'తమన్నా' అనే ఆప్టిట్యూడ్ టెస్టులో భాష, అంకెలు, మెకానికల్ రీజనింగ్ లాంటివి 7 భాగాలున్నాయి, అది కూడా ఫలానా కోర్సులో చేరమని తీర్పు చెప్పదు. ఇక కౌన్సిలర్ల శిక్షణ అంటారా, ఎన్‌సీఈఆర్‌టీ గైడెన్స్ అండ్ కౌన్సెలింగ్ డిప్లొమా ఏడాది కోర్సు, అందులో 3 నెలలు ఇంటర్న్‌షిప్పే.

ఎక్కడ చేరినా ముందు టెస్టు మాన్యువల్ చూపించమనండి, ఏ వయసు పిల్లల మీద, ఎంతమంది మీద పరీక్షించి ఆ మార్కుల కొలత పెట్టారో అందులో ఉండాలి. మా చెల్లి అడిగితే "అది కంపెనీ సీక్రెట్" అన్నారు. డబ్బు వెనక్కి ఇమ్మంటే రసీదు మీద చిన్న అక్షరాల్లో ఉన్న "ఫీజు తిరిగి ఇవ్వబడదు" అన్న లైను చూపించారు. 1915 కన్స్యూమర్ హెల్ప్‌లైన్‌లో కంప్లైంట్ పెట్టాం. ఆ బ్యాచ్‌లో చేరినవాళ్లు కొందరు ఇప్పుడు మధురవాడ అపార్ట్‌మెంట్లలో, గాజువాక ట్యూషన్లలో స్కానర్లు పట్టుకుని తిరుగుతున్నారు, మీ పిల్లల వేళ్లు అడిగితే ఇవ్వకండి, ఇప్పటికే కట్టేసినవాళ్లు రసీదు, రిపోర్టు జాగ్రత్తగా దాచి మీరూ 1915కి ఫోన్ చేయండి.