నేలపట్టు గట్టు మీద ఏడు చలికాలాలు: నా 8×42 బైనాక్యులర్

ఈ 8×42 బైనాక్యులర్ (8 రెట్లు పెద్దగా చూపేది, ముందు అద్దం వెడల్పు 42 మిల్లీమీటర్లు) 2017 అక్టోబరులో కొన్నాను. సొంత డబ్బు, పద్నాలుగు వేలు. ఆ నెల ఇంట్లో కొంచెం ఇబ్బంది పడ్డాం కూడా. 2023–24 సీజన్‌తో దీనికి ఏడు చలికాలాలు నిండాయి. సీజన్‌లో రోజుకు నాలుగైదు గంటలు ఇది నా కళ్లకే ఉంటుంది. కొత్తగా కొనాలనుకునేవాళ్లకు, ముఖ్యంగా పక్షుల కేంద్రాల్లో పనిచేసేవాళ్లకు ఉపయోగపడుతుందని రాస్తున్నాను. కంపెనీ పేరు రాయడం లేదు. ఈ ధరలో దొరికే మోడళ్లు చాలావరకు ఒకేలా ఉంటాయి, నేను చెప్పేవి వాటన్నిటికీ సరిపోతాయి.

నా పని నేలపట్టు పక్షుల కేంద్రంలో. తిరుపతి జిల్లా దొరవారిసత్రం మండలం, చెన్నై హైవేకి దగ్గర్లోనే. 1976లో ప్రకటించిన కేంద్రం ఇది, సుమారు 459 హెక్టార్లు. చెరువులో నీళ్లలో మునిగినా బతికే కడప చెట్లు ఉంటాయి. వాటి మీదే గూడబాతులు గూళ్లు కడతాయి. వాటితోపాటు నత్తగుల్ల కొంగలు, తెల్ల కంకణాయిలు, నీటి కాకులు, చింతవక్కలు. మేతకు గూడబాతులు ఇరవై కిలోమీటర్ల లోపే ఉన్న పులికాట్ సరస్సుకు పోయి వస్తాయి. అందుకే మా డ్యూటీ కూడా రెండు చోట్లా ఉంటుంది: పొద్దున చెరువు గట్టు, మధ్యాహ్నం నుంచి సరస్సు.

అసలు దీన్ని ఎందుకు కొన్నానో ముందు చెప్పాలి. 2015 నవంబరు వానలకు చెరువు నిండి కలుజు పారింది. గూళ్లు బాగా పడ్డాయి. అప్పుడు మా దగ్గరున్నది పాత 10×50, లోపల అద్దానికి బూజు పట్టి అంతా పాలు పోసినట్టు కనిపించేది. గట్టు మీద నుంచి గూళ్ల లెక్క తేలడం లేదు. మాతో ఉన్న వాచర్ పెద్దాయన, "ఏంది అబ్బయా, ఈడ్నించి లెక్కబెడితే ఎట్టా? పడవలో పోయి చూసొద్దాం పా" అన్నాడు. నేనూ సరే అన్నాను. చెట్లకు ముప్పై అడుగుల దూరం చేరామో లేదో, ఒక గుంపు మొత్తం లేచిపోయింది. మేం వెంటనే పడవ వెనక్కి తిప్పాం. పక్షులు మళ్లీ దిగడానికి పది నిమిషాలు కూడా పట్టలేదు. కానీ ఆ పది నిమిషాల్లోనే కాకులు మూడు గూళ్లలో దిగాయి. ఒక కాకి గుడ్డును పొడుస్తుంటే మేమిద్దరం చూస్తూ కూర్చున్నాం, అరిచినా అది కదల్లేదు. పెద్దాయన ఒడ్డు చేరేదాకా మాట్లాడలేదు. ఆ లెక్క నేను రిజిస్టరులో రాశాను కానీ, ఇప్పటికీ ఆ పేజీ తీయాలంటే మనసొప్పదు.

2016లో ఈశాన్య రుతుపవనాలు ముఖం చాటేశాయి, నీళ్లు లేక చెరువు వెలవెలబోయింది. ఆ ఏడాదంతా కొంచెం కొంచెం దాచి, తర్వాతి సీజన్‌కు ఇది కొన్నాను. కాబట్టి నా దృష్టిలో బైనాక్యులర్‌కు ఒక్కటే పరీక్ష. ఇంకో అడుగు ముందుకు వేయాల్సిన అవసరం లేకుండా చేస్తుందా, లేదా? ఇది చేసింది. ఈ ఏడేళ్లలో గూళ్ల లెక్క కోసం మేం పడవ ఎక్కలేదు.

ఇక అంకెల సంగతి. షాపులో అందరూ 10 రెట్లదే తీసుకోమంటారు, ఎక్కువ రెట్లంటే ఎక్కువ కనిపిస్తుందని. నేనూ మొదట అదే అనుకున్నాను. ఒక స్నేహితుడి 10×42 వారం రోజులు వాడాక మనసు మార్చుకున్నాను. పక్షితోపాటు మన చేతి వణుకు కూడా పది రెట్లు పెద్దదవుతుంది. టవర్ మీద గాలికి నిలబడి గంటసేపు గూళ్లు లెక్కపెట్టేవాడికి ఆ తేడా బాగా తెలుస్తుంది. ఎక్కడిదాకా లెక్కపెట్టామో మర్చిపోయి మళ్లీ మొదటికొస్తాం. నా 8×42లో కిలోమీటరు దూరంలో దాదాపు 130 మీటర్ల వెడల్పు ఒకేసారి కనిపిస్తుంది. ఒక చెట్టు తల మొత్తం, పక్క చెట్టు అంచుతో సహా ఒకే వృత్తంలో పడుతుంది. ఏ చెట్టు అయిపోయింది, ఏది మిగిలింది అన్న గందరగోళం ఉండదు.

ఇంకో లెక్క కూడా ఉంది. 42ని 8తో భాగిస్తే 5.25. కంటికి చేరే వెలుతురు వృత్తం అన్ని మిల్లీమీటర్లు ఉంటుందన్నమాట. జేబులో పట్టే 10×25లో అది 2.5 మాత్రమే. పట్టపగలు రెండింటికీ తేడా తెలియదు, ఎందుకంటే ఎండలో మన కంటిపాపే చిన్నదైపోతుంది. కానీ మా పని మొదలయ్యేది పొద్దున ఐదున్నర, ఆరు మధ్య. జనవరిలో చెరువు మీద మంచు పొర ఉంటుంది. ఆ వేళ చిన్న బైనాక్యులర్‌లో నల్లటి ముద్దలు కనిపిస్తాయి, ఇందులో పక్షులు కనిపిస్తాయి. పొద్దెక్కాక చూడొచ్చు కదా అంటారేమో. పొద్దెక్కితే గూడబాతులు గాలిలోకి లేచి గుండ్రంగా తిరుగుతూ పులికాట్ వైపు వెళ్లిపోతాయి. గూటికి ఒకటైనా ఉండే వేళ తెల్లవారుజామే.

లెక్క అంటే గూళ్ల సంఖ్య ఒక్కటే రాస్తే సరిపోదు, ఏ దశలో ఉన్నాయో కూడా రాయాలి. పొదిగే పక్షి గూట్లో బాగా కిందికి కూర్చుంటుంది. నెల రోజులు అలా ఉంటుంది. తర్వాత కొంచెం పైకి లేచి, రెక్కలు సగం విప్పి నిలబడుతుంది. అప్పుడు కింద పిల్లలున్నట్టు. పుట్టినప్పుడు వాటికి ఒంటి మీద ఏమీ ఉండదు, ఎండ తగలకుండా తల్లో తండ్రో నీడ ఇస్తుంది. తర్వాత తెల్లటి నూగు వస్తుంది, ఆ తర్వాత బూడిద రంగు ఈకలు. 150 మీటర్ల దూరం నుంచి ఈ నాలుగు దశలూ విడివిడిగా రాసుకోగలుగుతున్నాను. పిల్ల తన తల మొత్తం తల్లి గొంతు సంచిలో దూర్చి చేప తీసుకోవడం మొదటిసారి ఇందులో చూసినప్పుడు, లెక్క ఆపేసి చాలాసేపు చూస్తూ ఉండిపోయాను. తర్వాత పెద్దాయనకిచ్చాను. ఆయన దుర్భిణి వద్దనే మనిషి. నలభై ఏళ్లుగా వట్టి కళ్లతోనే పక్షిని ఎగిరే తీరును బట్టి చెప్పేస్తాడు. ఆ రోజు మాత్రం తిరిగివ్వడానికి పావుగంట పట్టింది.

పులికాట్ దగ్గర కథ వేరు. సూళ్లూరుపేట నుంచి శ్రీహరికోట వెళ్లే రోడ్డు సరస్సు మధ్యలోంచి పోతుంది. అటకానితిప్ప దగ్గర ఆగి చూస్తే రెండు వైపులా నీళ్లు, బురద మేటలు. సరస్సు లోతు చాలాచోట్ల మనిషి నడుము దాకా కూడా ఉండదు. ఫ్లెమింగోలు అందుకే వస్తాయి. రోడ్డుకు 300 మీటర్లలోపు ఉంటే ఇది బాగా పనిచేస్తుంది. గులాబీ ముక్కుకు నల్లటి కొన ఉంటే పెద్ద ఫ్లెమింగో. ముక్కు మొత్తం ముదురు రంగులో, మనిషి కూడా పొట్టిగా ఉంటే చిన్న ఫ్లెమింగో. మట్టి రంగులో ఉన్నవి పిల్లలు. (మాకు పక్షులూ మనుషులే, అలవాటైన మాట, దిద్దడం లేదు.)

దూరం కిలోమీటరు దాటితే మాత్రం ఇది చాలదు. జనవరిలో ఏటా జరిగే ఆసియా నీటి పక్షుల గణనలో ఇది మాకు ప్రతిసారీ అనుభవమే. ఫ్లెమింగోలను పదేసి చొప్పున లెక్కించి, ఆ పది ఎంత చోటు పట్టిందో చూసుకుని, గుంపు మొత్తానికి అంచనా వేయొచ్చు. సూదితోక బాతుల గుంపు నీళ్ల మీద నల్లగీతలా ఉంటే అందులో వేరే జాతి బాతు ఎన్ని కలిసాయో 8 రెట్లతో తేలదు. బురదలో పరుగెత్తే చిన్న ఉల్లంకి పిట్టల సంగతి ఇంకా కష్టం. తమిళనాడులోని కోడియక్కరైలో బాంబే నేచురల్ హిస్టరీ సొసైటీ వాళ్లు పక్షుల కాళ్లకు రింగులు వేస్తుంటారు. అలాంటి రింగు ఉన్న పిట్ట కనబడితే దాని మీది అక్షరాలు చదవాలి. దానికి స్టాండు మీద పెట్టే స్పాటింగ్ స్కోపే కావాలి. ఏడేళ్లలో నేను ఈ బైనాక్యులర్‌తో రింగు ఉందని గుర్తుపట్టాను గానీ, ఒక్క అక్షరం కూడా చదవలేకపోయాను.

పదకొండు గంటలు దాటాక సరస్సు మీద వేడికి గాలి అలలు అలలుగా కదులుతుంది, ఫ్లెమింగో కాళ్లు వంకర్లు పోతాయి. చలికాలమైనా ఎండ ఎండే. చాలామంది అప్పుడు బైనాక్యులర్ బాగాలేదనుకుంటారు. అరవై వేలది పెట్టి చూసినా అంతే ఉంటుంది. సాయంత్రం నాలుగు దాటనివ్వండి.

తడి విషయం. మా చలికాలమంటే చలి తక్కువ, వాన ఎక్కువ. 2023 డిసెంబరు 5న మిగ్‌జాం తుఫాను బాపట్ల దగ్గర తీరం దాటింది. అంతకుముందు రెండు రోజులు మా వైపు ఒకటే వాన. గాలికి కొమ్మలు విరిగి గూళ్లు పడిపోతాయేమోనని టెన్షన్‌తో గట్టు మీదే తిరిగాం. ఇది కోటు బయటే వేలాడుతూ నానిపోయింది. బయటి అద్దాలు మసకబారాయి, తుడుస్తూ చూశాను. లోపల మాత్రం ఒక్క చుక్క ఆవిరి కూడా లేదు. లోపల నైట్రోజన్ నింపి రబ్బరు రింగులతో మూసినదాన్నే కొనమని నేను అందుకే చెబుతాను. పెట్టె మీద 'వాటర్ రెసిస్టెంట్' అని ఉంటే చాలనుకోవద్దు, 'వాటర్ ప్రూఫ్' అని ఉండాలి. వాన వెలిసిన రోజు నీళ్లలో పడిన రెండు పిల్లలను గట్టు నుంచి ఇందులోనే చూసి కనిపెట్టాం. పెద్దాయన తెప్ప మీద వెళ్లి తెచ్చాడు. ఒకటి బతికింది.

పాడైనవి కూడా చెప్పాలి. కుడి కంటి రబ్బరు కప్పు నాలుగో ఏట చిరిగింది. సర్వీస్ సెంటర్‌కు పంపితే రెండు నెలలకు తిరిగొచ్చింది, అదీ డిసెంబరు, జనవరి నెలలు. సీజన్ మధ్యలో పంపడం నా పొరపాటే అయినా, అంత ఆలస్యం నేను ఊహించలేదు. తర్వాత ఎడమది చిరిగితే సైకిల్ ట్యూబు ముక్క కోసి అతికించాను, ఇప్పటికీ అలాగే ఉంది. దీనితో వచ్చిన మెడ పట్టీ పనికిరాదు. 680 గ్రాముల బరువు రోజంతా మెడకు వేలాడితే మూడో రోజుకు మెడ తిరగదు. భుజాల మీదుగా వేసుకునే పట్టీ ఆరు వందలకు కొన్నాక ఆ బాధ పోయింది. ఫోకస్ తిప్పే చక్రం గత సీజన్ నుంచి బిగుసుకుంటోంది. ఉప్పు గాలికి లోపలి గ్రీజు గట్టిపడిందేమో.

సరస్సు దగ్గర నుంచి వచ్చిన ప్రతి రోజూ చేసే పని ఒకటుంది. ముందు అద్దాల మీద గాలి ఊది ఇసుక పోగొట్టాలి. తర్వాత మంచినీళ్లు నెమ్మదిగా పోయాలి. ఆ తర్వాతే మెత్తటి గుడ్డ. ఇసుక ఉండగా చొక్కా అంచుతో రుద్దితే అద్దం మీది పూత గీతలు పడుతుంది, మా వాళ్లలో ఇద్దరివి అలాగే పాడయ్యాయి. రాత్రి స్టీలు డబ్బాలో తేమ పీల్చే సిలికా జెల్ పొట్లాలతో పెట్టి మూత వేస్తాను. తోలు సంచిలో పెడితే బూజుకు మనమే ఇల్లు కట్టిచ్చినట్టు.

కళ్లద్దాలున్నవాళ్లు 'ఐ రిలీఫ్' (బొమ్మ మొత్తం కనిపించేలా కంటిని బైనాక్యులర్ అద్దానికి ఎంత దూరంలో పెట్టుకోవచ్చో ఆ దూరం) 16 మిల్లీమీటర్లకు తగ్గకుండా చూసుకోండి. నాకు రెండేళ్ల కిందట అద్దాలొచ్చాయి, దీనికి 17 ఉంది కాబట్టి ఇబ్బంది పడలేదు.

సెలవుల్లో, సూళ్లూరుపేట ఫ్లెమింగో పండుగ రోజుల్లో పిల్లలు చాలామంది వస్తారు. అడిగినవాళ్లకల్లా ఇస్తాను. ఏడెనిమిదేళ్ల పిల్లలకు ఇందులో ఒక వృత్తం బదులు రెండు కనిపిస్తాయి. వాళ్ల కళ్ల మధ్య దూరం తక్కువ, ఇది అంత దగ్గరికి మడవదు. అప్పుడు ఒక కన్ను మూసుకుని ఒక గొట్టంలోంచే చూడమంటాను. పక్షి దొరకగానే వాళ్ల నోరు తెరుచుకుంటుంది. మీ పిల్లల కోసమే కొంటుంటే మాత్రం ఇది వద్దు, చిన్న సైజువి వేరే ఉన్నాయి.

ఈ ఏడు కూడా అక్టోబరు వానలు పడ్డాక గూడబాతులు దిగాయి. చక్రం బిగుతుగానే ఉంది, తిప్పడానికి రెండు వేళ్లు కావాల్సి వస్తోంది. దీన్ని సర్వీసుకు పంపాలి. పిల్లలన్నీ ఎగిరి, గూళ్లు ఖాళీ అయ్యాక, మే నెలలో పంపుతాను.