ఏలియాస్ రికార్డు: నాలుగేళ్లు వాడాక

మూడు చిన్న సైట్లకి నాలుగేళ్లుగా ఏలియాస్ రికార్డే వాడుతున్నాను. డీఎన్ఎస్‌లో, అంటే సైటు పేరుకి సర్వర్ చిరునామా చెప్పే ఇంటర్నెట్ చిట్టాలో, మన డొమైన్‌ని ఇంకో పేరుకి కట్టే ఎంట్రీ అది. ఎలా పెట్టాలో ఆ సోది వద్దు. దీని మీద నాకింత ప్రేమ ఎందుకో మాత్రం చెప్తాను.

మా బావకి పెళ్లి కార్డుల ప్రెస్సు ఉంది. సైటు కొత్త హోస్టింగ్‌కి మార్చినప్పుడు వాళ్లు ఐపీ (సర్వర్ నంబరు చిరునామా) ఇవ్వకుండా ఓ పొడుగాటి పేరు ఇచ్చి, దానికి సీనేమ్ (ఈ పేరు నిజానికి ఆ పేరే అని చెప్పే రికార్డు) పెట్టుకోమన్నారు. డబ్ల్యూడబ్ల్యూడబ్ల్యూకి పెట్టాను, అదే ఊపులో ముందు అది లేని అసలు డొమైన్‌కి కూడా పెట్టేశాను. సీనేమ్ ఉన్న పేరుకి ఇంకో రికార్డు ఉండకూడదని 1987 నాటి డీఎన్ఎస్ నియమాల పత్రం ఆర్‌ఎఫ్‌సీ 1034లోనే ఉంది, అసలు డొమైన్‌కేమో ఎస్‌ఓఏ, ఎన్‌ఎస్ అనే రికార్డులు తప్పనిసరి. కానీ మా పాత డీఎన్ఎస్ ప్యానెల్ కిక్కురుమనకుండా సేవ్ చేసుకుంది. సైటు తెరుచుకుంది, నేను పడుకున్నాను.

మూడో రోజు బావ ఫోన్. "ఏం బామ్మర్దీ, ఏం కెలికావు? మెయిల్ పంపితే వెనక్కొస్తోందంట. కొందరివి వస్తున్నాయి, కొందరివి లేదు." అసలే మాఘమాసం ముహూర్తాలు, కార్డు మ్యాటర్లన్నీ మెయిల్‌లోనే వచ్చేవి. డిగ్ (డీఎన్ఎస్‌ని అడిగే కమాండ్) కొట్టి ఎంఎక్స్ (మెయిల్ ఏ సర్వర్‌కి వెళ్లాలో చెప్పే రికార్డు) అడిగితే మెయిల్ సర్వర్ బదులు హోస్టింగ్ వాళ్ల పేరు కనిపించింది. ఏ రిజాల్వర్ (మన తరఫున పేర్లు వెతికిపెట్టే సర్వర్) దగ్గర ఆ సీనేమ్ క్యాష్‌లో, అంటే దాచుకున్న జవాబుల్లో, ఉందో అది ఎంఎక్స్ కోసం కూడా అటే పోతోంది, లేనిది సరిగ్గా వస్తోంది. అందుకే ఆ సగం సగం. వెంటనే తీసేశాను గానీ టీటీఎల్ (జవాబుని ఎన్ని సెకన్లు దాచుకోవచ్చో) 86400, అంటే ఒక రోజు, పెట్టిన ఘనుణ్ణి నేనే, ఇంకో రోజంతా టెన్షన్.

ఆ తర్వాతే ఏలియాస్ ఇచ్చే డీఎన్ఎస్‌కి మారాను. హోస్టింగ్ పేరుని వాళ్ల సర్వరే వెతికి, బయటికి మామూలు 'ఏ' రికార్డుగా (పేరుకి నేరుగా ఐపీ చెప్పేది) చెప్తుంది, మెయిల్ జోలికి పోదు. నిరుడు హోస్టింగ్ వాళ్లు ఐపీలు మార్చారు, ఆ కబురు మెయిల్ నేను చూసింది పది రోజుల తర్వాత. ఏలియాస్ ఉన్న మూడింటికీ ఏమీ కాలేదు. 'ఏ' రికార్డులో ఐపీ చేత్తో రాసిపెట్టిన నా సొంత బ్లాగు మాత్రం ఆ పది రోజులూ పడుకుంది, ఒక్కళ్లూ అడగలేదనుకోండి, అది వేరే బాధ.

అంతా తీపేం కాదు. బావ డాట్ ఇన్ డొమైన్‌ని కూడా వాళ్ల డాట్ కామ్ డొమైన్‌కి ఏలియాస్ పెడితే బ్రౌజర్ ఎర్ర హెచ్చరిక చూపించింది. రికార్డు మెషీన్ దాకా దారి చూపిస్తుంది అంతే, బ్రౌజర్ అడిగేది డాట్ ఇన్ పేరే, ఆ పేరుకి సర్టిఫికెట్ (ఆ పేరు ఈ సైటుదేనని బ్రౌజర్‌కి చూపే ధ్రువపత్రం) లేదు. హోస్టింగ్‌లో ఆ డొమైన్ కలిపి, రీడైరెక్ట్ అక్కడే పెట్టాల్సి వచ్చింది. ఇంకోటి, పేరు వెతికేది డీఎన్ఎస్ కంపెనీ సర్వర్ కదా, హోస్టింగ్ వాళ్లు చూసేవాళ్లకి కాక దానికి దగ్గరున్న ఐపీ ఇస్తారు, దాంతో కొన్నాళ్లు హైదరాబాద్ వాళ్లకి కూడా సింగపూర్ నుంచి పేజీలు వచ్చాయి. పైగా ఇది ప్రామాణిక రికార్డు కాదు, ఒకరు ఏలియాస్ అంటారు, ఒకరు ఏనేమ్, ఇంకొకరు ఫ్లాటెనింగ్. జోన్ ఫైల్ (డొమైన్ రికార్డులన్నీ ఉండే ఫైల్) ఎక్స్‌పోర్ట్ చేసి చూస్తే ఏలియాస్ ఉండాల్సిన చోట ఆ రోజు ఐపీ ఒకటి రాసి ఉంది.

నావి చిన్న సైట్లు, మెయిల్ పోకపోతే చాలు, కాబట్టి నాకిదే నయం. మీ హోస్టింగ్ స్థిరమైన ఐపీ ఇస్తే 'ఏ' రికార్డుతోనే ఉండండి. బావ మాత్రం ఆ మాఘమాసం నుంచి కార్డు మ్యాటర్లన్నీ వాట్సాప్‌లోనే తీసుకుంటున్నాడు.