జాతీయ సినిమా అవార్డా, అకాడమీ పురస్కారమా: పాడేవాళ్ళకు ఏది మేలు?

ఒడిశాలో గుణుపురం, పర్లాకిమిడి, బరంపురం వైపు తెలుగిళ్ళలో బాగా పాడే పిల్ల ఉందంటే చాలు, చుట్టాలు ముందు అడిగేది సినిమా గురించే. నేషనల్ అవార్డు అంటే వాళ్ళ లెక్కలో సినిమాలకిచ్చేదే. సంగీతం, నాట్యం, నాటకం కళాకారులకు పురస్కారాలిచ్చే సంగీత నాటక అకాడమీ పేరెత్తితే "అదెక్కడిదమ్మా?" అంటారు. రెండూ కేంద్రం ఇచ్చేవే. సంగీతాన్నే నమ్ముకున్న మనిషికి ఏది మేలని నన్నడిగితే అకాడమీ అనే అంటాను.

గుణుపురం మనిషి సంగతే చూడండి. రఘునాథ్ పాణిగ్రాహి పుట్టింది అక్కడే. 1956లో వచ్చిన 'ఇలవేల్పు'లో "చల్లని రాజా ఓ చందమామ" పాటను లీల, సుశీలలతో కలిసి పాడింది ఆయనే. ఆ గొంతు ఒక ఒడియా గాయకుడిదని తెలియకుండానే పాడుకునే తెలుగువాళ్ళు ఇప్పటికీ ఉన్నారు. ఆ పాటకి జాతీయ అవార్డు వచ్చే వీలే లేదు. 1954లో సినిమా అవార్డులు మొదలైనప్పుడు సంగీతానికి విడిగా బహుమతి లేదు. ఆ తరవాత ఆయన మద్రాసు సినిమా అవకాశాలు వదులుకుని, భార్య సంయుక్త ఒడిస్సీ నాట్యానికి జయదేవుడి గీతగోవిందం పాడుతూ ఉండిపోయారు. సంయుక్త పుట్టిల్లు బరంపురం. 1976లో అకాడమీ ఆ దంపతులిద్దరినీ కలిపి గౌరవించింది. నాట్యానికి పక్కన కూర్చుని పాడేవాడికి సినిమా అవార్డులో చోటెక్కడ?

సినిమా అవార్డుల్లో సంగీతం చేరింది 1967 చిత్రాలతో. తొలి ఉత్తమ సంగీత దర్శకుడు మన కె.వి. మహదేవనే, కాకపోతే తమిళ చిత్రానికి. మరుసటి ఏడాది తొలి ఉత్తమ గాయని మన విజయనగరం సుశీల, అదీ తమిళ పాటకే. ఈ అవార్డులో నాకు బాగా నచ్చేది ఇదే. పాడినవాళ్ళది ఏ రాష్ట్రం, ఇంట్లో ఏ భాష అని అడగదు. సరిహద్దులో పుట్టి బడిలో ఒడియా, ఇంట్లో తెలుగు మాట్లాడేవాళ్ళకి ఇది చిన్న సంగతి కాదు. నంది లాంటి రాష్ట్ర బహుమతులు తెలుగు సినిమా గడప దాటలేదు.

కానీ అది చూసేది ఆ ఏడు సెన్సారైన సినిమాలో ఒక పాటని. ఎంట్రీ పంపాల్సింది నిర్మాత. ఆయన పంపకపోతే ఎంత గొప్పగా పాడినా జ్యూరీ చెవిన పడదు. గాయకుల బహుమతి కూడా 1967 చిత్రాలతోనే మొదలైంది. 1974లో ఘంటసాల కన్నుమూశారు. ఆయనకు ఆ అవార్డు రాలేదు. తెలుగు సినిమా పాట చరిత్ర ఘంటసాల లేకుండా రాయగలరా ఎవరైనా? అదృష్టం కలిసొచ్చినప్పుడు మాత్రం భలే కలిసొస్తుంది. 'శంకరాభరణం' ఒక్కటే మహదేవన్‌కీ, బాలుకీ, వాణీ జయరామ్‌కీ ముగ్గురికీ తెచ్చిపెట్టింది.

అకాడమీ 1953 జనవరిలో మొదలైంది. తొలి అధ్యక్షుడు పి.వి. రాజమన్నార్, మద్రాసు హైకోర్టు ప్రధాన న్యాయమూర్తి, తెలుగు నాటకకర్త కూడా. ఆ ఏడాదే ద్వారం వెంకటస్వామి నాయుడు గారి ఫిడేలుకి పురస్కారం దక్కింది. ఆయన పనిచేసిన విజయనగరం సంగీత కళాశాల మనకెంత దూరమని! అకాడమీ చూసేది ఏళ్ళ తరబడి చేసిన సాధనని. శాస్త్రీయ సంగీతంతో ఆగదు. జానపదం, గిరిజన కళలు, తోలుబొమ్మలు, చివరికి వాయిద్యాలు తయారుచేసేవాళ్ళ దాకా వస్తుంది. కొరాపుట్, రాయగడ కొండల్లో డప్పు పట్టినవాడికి సినిమా అవార్డు అందే దారే లేదు, అకాడమీకి కనీసం పేరు వెళ్ళే దారుంది.

దీని జబ్బు ఆలస్యం. 2023లో డెబ్భై అయిదేళ్ళు దాటినా అంతవరకూ జాతీయ గౌరవం అందని 84 మందికి 'అమృత్' పేరుతో ప్రత్యేక పురస్కారాలిచ్చారు. సంతోషమే, కానీ పాడే వయసులో ఇస్తే ఇంకా బాగుండేది కదా! 2019, 2020, 2021 సంవత్సరాల పురస్కారాలు మూడూ 2022 నవంబరులో ఒకేసారి ప్రకటించారు.

వేడుక అంటారా, సినిమా వాళ్ళదే సందడి. ఆ సందడికీ 2018 మేలో దెబ్బ తగిలింది. రాష్ట్రపతి పదకొండు అవార్డులే స్వయంగా ఇస్తారని తెలిసి, యాభై మందికి పైగా వేడుకకే వెళ్ళలేదు. నిరసన లేఖ మీద సంతకం చేసిన ఏసుదాసు వెళ్ళి అవార్డు తీసుకున్నారు. దాని మీద జరిగిన రచ్చ అంతా ఇంతా కాదు.

రెండూ ఒక్కడికే రాకూడదని రూలేం లేదు. బాలమురళీకృష్ణకు 1975లో అకాడమీ పురస్కారం వచ్చింది. అదే ఏటి సినిమాల్లో కన్నడ 'హంసగీతె'లో పాడినందుకు ఉత్తమ గాయకుడూ ఆయనే. కాకపోతే అంతటి విద్వాంసుడు ముందు కచేరీలో నిలబడ్డాకే సినిమా ఆయన్ని వెతుక్కుంటూ వచ్చింది.

డబ్బు లెక్కలో మాత్రం సినిమాదే పైచేయి. 2022 సినిమాల నుంచి గాయకులకిచ్చే రజత కమలానికి రెండు లక్షలిస్తున్నారు. అకాడమీది లక్ష, ఒక తామ్రపత్రం, అంగవస్త్రం. నలభై లోపు వాళ్ళకి 2006 నుంచి బిస్మిల్లా ఖాన్ యువ పురస్కారం ఉంది, దానికి పాతికవేలు. రాయగడలోనో జయపురంలోనో పిల్లకి సంగీతం చెప్పిస్తున్న తల్లిదండ్రులు టీవీ పోటీల ఆడిషన్లకి పరుగెత్తేముందు ఈ యువ పురస్కారం గురించి ఒకసారి గురువుగారిని అడగండి.